ఏట్లో ఆడించే గుడ్డ

స్వర్ణముఖి పెద్ద నదేం కాదు. చంద్రగిరి వైపు కొండల్లో పుట్టి, కల్యాణి, భీమ ఏళ్ళను కలుపుకొని, తిరుపతి పక్కగా వచ్చి, శ్రీకాళహస్తి గుడి దగ్గర ఉత్తరానికి మళ్ళి, చివరికి బంగాళాఖాతంలో కలుస్తుంది. వానలు పడితేనే పారుతుంది, మిగతా రోజుల్లో ఇసుకే. అయినా శ్రీకాళహస్తిలో గుడ్డ మీద కలంతో బొమ్మలు గీసే కలంకారీ నిలిచిందంటే గుడి ఎంత కారణమో ఏరూ అంతే.

కలం పట్టినవారికి పేరొచ్చింది, రావాల్సిందే. జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ ఇచ్చారు. నేను మెచ్చుకునేది మాత్రం ఉతుకు పనిని. కరక్కాయ, గేదెపాలు పట్టించి ఎండబెట్టిన గాడా గుడ్డ మీద కసిమితో గీతలు గీస్తారు. పాత ఇనుము, బెల్లం నీళ్ళలో ఊరబెడితే వచ్చే ద్రవమది. కరక్కాయ తగలగానే నల్లబడుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్ళు పూస్తారు. చిక్కంతా అక్కడే. ఎక్కువైన పటిక నిలవ నీళ్ళలో వదిలితే పక్క భాగాలకు అంటుకుంటుంది, రంగులో ఉడికించినప్పుడు అక్కడా ఎరుపు తేలుతుంది. అందుకే పారే నీళ్ళు కావాలి. ఏట్లో నిలబడి, గుడ్డను వాలుకు పరిచి, మడత పడకుండా ఆడించాలి. ఎంతసేపన్నది చేతికే తెలుసు. ఆ చేతి పేరు బొమ్మ కింద ఎవరూ రాయరు, రాయాలంటాను నేను.

ఇసుక తోడేశాక ఏట్లో నీళ్ళు కరువయ్యాయి. తొట్లలో నీళ్ళు మార్చిమార్చి ఉతికేవారూ ఉన్నారిప్పుడు. కలంకారీ కొనేటప్పుడు రంగులు దేనితో చేశారనే కాదు, ఎక్కడ ఉతికారో, ఎవరు ఉతికారో కూడా అడగండి.