వెలుతురు ఎటునుంచి? పోర్ట్రెయిట్‌కు ఫ్లాష్ ఎంపిక

పోర్ట్రెయిట్, అంటే మనిషి పోలికతో పాటు స్వభావాన్ని కూడా ముఖంలో పట్టి చూపే ఛాయాచిత్రం, మొదటి నుంచీ పక్కవెలుతురును నమ్ముకున్న కళ. విద్యుద్దీపాలు రాకముందు స్టూడియోలకు ఉత్తరపు గోడలోనో పైకప్పులోనో పెద్ద గాజు పలకలు బిగించి, వాటికి తెరలు కట్టి, ఆ తెరలను జరుపుతూ ముఖం మీద పడే వెలుగును అదుపు చేసేవారు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో తెరిచి, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థానంలో పేరు గడించిన లాలా దీన్‌దయాళ్ తరం పగటి వెలుతురుతోనే పనిచేసింది. ఏడాదిలో ఎక్కువ కాలం ఎండ నేరుగా పడని దిక్కు ఉత్తరం కనుక, అటునుంచి వచ్చే వెలుగు మెత్తగా, నిలకడగా ఉంటుంది. ఆ గాజు కిటికీలోని రెండు గుణాలు, పక్కనుంచి రావడం, విశాలంగా ఉండడం, ఫ్లాష్ ఎంపికకు నేటికీ కొలబద్దలు.

ఆ రెండూ మధ్యలో కొంతకాలం మరుగున పడ్డాయి. 1887లో జర్మనీలో అడాల్ఫ్ మీథె, యోహానెస్ గేడికె మెగ్నీషియం కలిపిన మెరుపుపొడిని రూపొందించినప్పుడు చీకట్లోనూ ఫొటో తీయడం సాధ్యమైంది గాని, దానితో పాటు పొగా నిప్పుభయమూ వచ్చాయి. 1929 ప్రాంతంలో ఒక్కసారి వెలిగి ఆరిపోయే ఫ్లాష్ బల్బులు వచ్చాయి. ఆ తరువాతి దశాబ్దంలో అమెరికాలోని ఎంఐటీలో హెరాల్డ్ ఎడ్జర్టన్ అభివృద్ధి చేసిన ఎలక్ట్రానిక్ ఫ్లాష్, కెపాసిటర్‌లో నిలవచేసిన విద్యుత్తును జెనాన్ వాయువు నింపిన గొట్టం గుండా ఒక్క విసురున పంపి, ఎన్నిసార్లైనా మెరిసే దీపాన్ని ఇచ్చింది. దీపం చిన్నదై కెమెరా నెత్తికెక్కింది, సౌకర్యం పెరిగింది, కిటికీ పోయింది.

కెమెరా మీదనుంచి ఎదురుగా కొట్టే వెలుగులో ముక్కు, చెంప, గడ్డం ఒకే మట్టానికి వచ్చి ముఖం పలకలా కనిపిస్తుంది, నీడ వెనక గోడ మీద నల్లటి అంచులా పడుతుంది, నూనె పట్టిన నుదురూ పట్టుచీర జరీ అంచూ నగలూ తెల్లగా మెరిసి వివరం పోగొట్టుకుంటాయి. అదే దీపాన్ని కెమెరా నుంచి విడదీసి, ముఖానికి నలభై అయిదు డిగ్రీల పక్కగా, కంటి మట్టం కన్నా కాస్త ఎత్తున నిలిపితే ముక్కు నీడ చెంప మీదికి వాలి ముఖానికి లోతు వస్తుంది. ఆ నీడ చెంప నీడతో కలిసి, వెలుగు తక్కువైన కంటి కింద చిన్న త్రిభుజాన్ని మిగిల్చితే దానిని డచ్చి చిత్రకారుడి పేరుతో రెంబ్రాంట్ వెలుతురు అంటారు. కనుక ఎక్స్‌టర్నల్ ఫ్లాష్, అంటే కెమెరాలో ఇమిడి ఉండక విడిగా దొరికే ఫ్లాష్, కొనేవారు చూడవలసిన మొదటి సంగతి దాని బలం కాదు, దూరం నుంచి మీట నొక్కినట్టు దానిని మెరిపించే రేడియో ట్రిగ్గర్ దానితో కలిసి పనిచేస్తుందా లేదా అన్నది.

రెండో గుణం విశాలత. వెలుగు మెత్తదనాన్ని నిర్ణయించేది ముఖం వైపు నుంచి చూసినప్పుడు దీపం ఎంత పెద్దదిగా కనిపిస్తుందన్నదే. సూర్యుడు ఎంత పెద్దవాడైనా ఆకాశంలో అర డిగ్రీ మేర మాత్రమే కనిపించడం వల్ల మిట్టమధ్యాహ్నపు నీడలు కత్తితో కోసినట్టు ఉంటాయి. నాలుగు వేళ్ల వెడల్పున్న ఫ్లాష్ తల స్వతహాగా కఠినమైన దీపమే గాని, దానిని తొంభై సెంటీమీటర్ల గొడుగులోకో, లోపల వెండిరంగు, ముందు తెల్లబట్ట ఉన్న సాఫ్ట్‌బాక్స్‌లోకో మళ్లించి, ఆ పరికరం వెడల్పుకు దాదాపు సమానమైన దూరంలో మనిషిని కూర్చోబెడితే, అది చిన్న కిటికీ అవుతుంది. అదే గొడుగును మూడు మీటర్ల వెనక్కి జరిపితే మళ్లీ కఠినమైన దీపమే, గొడుగు మారకపోయినా.

దూరానికి మరో ధర్మం ఉంది. చిన్న దీపం నుంచి వచ్చే వెలుగు దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది, అంటే దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతే మిగులుతుంది. దీపానికి మీటరు దూరంలో తాతగారు, రెండు మీటర్ల దూరంలో మనవడు ఉంటే మనవడి మీద పడేది పావు వంతు వెలుగే. దీపాన్ని నాలుగు మీటర్ల దూరానికి తీసుకుపోతే, తాతగారు నాలుగు, మనవడు అయిదు మీటర్ల వద్ద ఉన్నా, వెలుగులో తేడా ఒక స్టాప్ కన్నా తక్కువకు దిగుతుంది (స్టాప్ అంటే వెలుగు రెట్టింపు లేదా సగం కావడం). కుటుంబ ఫొటోకు ఎక్కువ బలమున్న ఫ్లాష్ అవసరపడేది అందుకే, ఒంటరి పోర్ట్రెయిట్‌కు కాదు.

బలాన్ని గైడ్ నంబరుతో చెబుతారు. ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వాన్ని చెప్పే అంకె) 100 వద్ద ఆ అంకెను మీటర్లలో దూరంతో భాగిస్తే పెట్టవలసిన ఎఫ్ విలువ వస్తుంది (ఎఫ్ విలువ లెన్స్ రంధ్రపు కొలత, అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది). అట్టపెట్టె మీద అచ్చయ్యే 60 వంటి అంకెను చాలా కంపెనీలు ఫ్లాష్ తలను 200 మిల్లీమీటర్ల జూమ్ దగ్గర, అంటే వెలుగును సన్నని ధారగా కుదించి లెక్కిస్తాయి కాబట్టి, విశాలంగా పరిచినప్పుడు అది 36కో ఆ చుట్టుపక్కలకో పడిపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ 36నే తీసుకుంటే, ఒకటిన్నర మీటర్ల దూరంలో ఎఫ్/24 వస్తుంది. సాఫ్ట్‌బాక్స్ బట్ట మూడు స్టాప్‌లు మింగేసినా ఎఫ్/8 మిగులుతుంది. గదిలో తీసే పోర్ట్రెయిట్‌కు ఇంతకన్నా అక్కర్లేదు, కాబట్టి అంకె చూసి మురిసిపోయే కొనుగోలుదారు సాధారణంగా అనవసరపు బలానికే డబ్బు కడుతున్నాడు.

ఆరుబయట లెక్క తిరగబడుతుంది. ఫోకల్ ప్లేన్ షట్టరు రెండు తెరలుగా కదిలే కెమెరాల్లో సెన్సర్ మొత్తం ఒకేసారి తెరుచుకునే గరిష్ఠ వేగాన్ని సింక్ వేగం అంటారు. అది సాధారణంగా సెకనులో 200వ లేదా 250వ వంతు. ఐఎస్ఓ 100 వద్ద ఆ వేగంలో ఎండకు ఎఫ్/11 దాకా కావాలి, కాబట్టి పైన చెప్పిన ఎఫ్/8 చాలదు. అంతకన్నా వేగంగా తీయాలంటే హై స్పీడ్ సింక్ ఉంది గాని, అందులో ఫ్లాష్ ఒక్క మెరుపుగా కాక వరుస మినుకులుగా వెలిగి తన బలంలో చాలా భాగం పోగొట్టుకుంటుంది. ఎండలో పని ఉన్నవారికి 200 వాట్-సెకన్లు (మెరుపులో ఖర్చయ్యే విద్యుత్ శక్తి కొలత), అంతకు పైబడిన బ్యాటరీ ఫ్లాష్ తప్పదు.

టీటీఎల్ అనేది లెన్స్ గుండా వచ్చిన వెలుగును కొలిచి ఫ్లాష్ మోతాదును కెమెరాయే నిర్ణయించే పద్ధతి. 1975లో వచ్చిన ఒలింపస్ ఓఎం-2 దీనికి దారి వేసింది. మనిషి కదులుతుండే చోట ఇది వరమే. కాని ఫ్రేము నిండా తెల్ల పంచె ఉంటే చిత్రాన్ని నల్లబరచడం, నల్ల కోటు ఉంటే తెల్లబరచడం దీని అలవాటు, ఆ రెండూ పక్కపక్కన నిలబడే పెళ్లిపీటల దగ్గర అది ఎవరి పక్షం వహిస్తుందో చెప్పలేం. దీపానికీ మనిషికీ మధ్య దూరం మారని పోర్ట్రెయిట్‌లో మాన్యువల్‌గా ఒకసారి సరిచూసుకున్న మోతాదు చివరిదాకా నిలుస్తుంది.

రంగు విషయం పెళ్లిపందిట్లో ఎక్కువగా దెబ్బతీస్తుంది. ఫ్లాష్ తలను పైకి తిప్పి కప్పు నుంచి వెలుగును మళ్లించే బౌన్స్ పద్ధతి తెల్ల సున్నం కప్పు కింద అద్భుతంగా పనిచేస్తుంది, ఎర్ర షామియానా కింద పెళ్లికూతురి ముఖం కుంకుమరంగుకు తిరుగుతుంది. అలాగే ఫ్లాష్ వెలుగు సుమారు 5500 కెల్విన్ల పగటిరంగు కాగా పసుపు బల్బులది 3000 చుట్టూ ఉంటుంది కనుక, ఫ్లాష్ తలకు నారింజరంగు జెల్ కాగితం తొడిగితేనే ముఖమూ వెనక గదీ ఒకే రంగులో కలుస్తాయి.

ఈ లెక్కలన్నీ కలిపి చూస్తే, ఖరీదైన టీటీఎల్ ఫ్లాష్ ఒకటి కొని కెమెరా నెత్తిన పెట్టడం కన్నా, అదే డబ్బుతో మాన్యువల్ ఫ్లాష్ ఒకటి, ట్రిగ్గరు, స్టాండు, గొడుగు కొనడమే మేలు; రెండో ఫ్లాష్ అవసరం తరువాత తెలుస్తుంది, నీడను తేలికపరచడానికి అప్పటిదాకా తెల్ల థర్మాకోల్ పలక చాలు. పాత ఫ్లాష్ చవకగా దొరికితే మాత్రం ఒక జాగ్రత్త అవసరం. ఫ్లాష్‌ను తగిలించే కెమెరా నెత్తి మీది లోహపు గాడికి, అంటే హాట్ షూకు, ఫిల్ము కాలపు కొన్ని ఫ్లాష్‌లు పంపే ట్రిగ్గర్ వోల్టేజి 200 వోల్టులు దాటుతుంది, అంతటిని అనేక డిజిటల్ కెమెరాలు తట్టుకోలేవు. అటువంటి దానిని మల్టీమీటరుతో కొలవనిదే కెమెరాకు తగిలించకూడదు.