వెన్ను ద్రవములో ఎంజైము కొలత : ఒక విమర్శ

మెదడును, వెన్నుపామును ఆవరించియుండు మస్తిష్క మేరు ద్రవము పెద్దవారిలో సుమారు 150 మిల్లీలీటర్లు ఉండును. నడుము వద్ద సూది గ్రుచ్చి దానిని తీయు పద్ధతిని 1891లో జర్మన్ వైద్యుడు క్వింకే ప్రకటించెను.

మెదడు పొరలకు క్షయ సోకినపుడు ఈ ద్రవమును పరీక్షింపక తప్పదు. అయితే అందు క్షయ క్రిములు బహు కొద్దిగా ఉండుటచే సూక్ష్మదర్శినిలో తరచు కనబడవు. పెంచి చూచుటకు వారములు పట్టును. అంతలో చికిత్స ఆలస్యమైనచో రోగి మరణింపవచ్చును. కనుకనే త్వరగా, చౌకగా తేలు అడినోసిన్ డీఅమినేజ్ అను ఎంజైము కొలతను వైద్యులు ఆశ్రయించిరి. క్షయ క్రిముల నెదిరించు లింఫోసైట్లలో ఈ ఎంజైము అధికము. ఇది అడినోసిన్‌ను ఇనోసిన్‌గా మార్చునపుడు అమ్మోనియా వెలువడును. దానిని ఫినాల్, హైపోక్లోరైటులతో కలిపినచో నీలిరంగు పుట్టును. ఆ రంగు గాఢతయే ఎంజైము కొలత.

పద్ధతి సులభమే. చిక్కంతయు వచ్చిన అంకెకు అర్థము చెప్పుటలో ఉన్నది. లీటరుకు 10 యూనిట్లు దాటినచో క్షయయనియు, లేనిచో కాదనియు తేల్చు వాడుక పలుచోట్ల కలదు. పరీక్షలో 34 మార్కులు వచ్చినవాడు అజ్ఞానియు, 35 వచ్చినవాడు పండితుడును కానట్లే, ఈ గీతయు ప్రకృతి గీచినది కాదు. పెక్కు పరిశోధనలను కలిపి చూచిన ఒక సమీక్ష 2010లో వెలువడినది. దాని ప్రకారము గీతను 8కి పైన ఉంచినచో, క్షయ లేని నూరుగురిలో 96 మందికి పైగా సరిగా తేలుదురు. కాని క్షయ ఉన్న నూరుగురిలో 59 మంది కంటె తక్కువే దొరకుదురు. గీతను 4కు దించినచో రోగులు 93 మందికి పైగా దొరకుదురు. కాని క్షయ లేనివారిలో నూటికి 20 మందికి పైగా రోగుల లెక్కలో చేరుదురు. 4కు, 8కి నడుమ వచ్చిన విలువ అవుననుటకు గాని, కాదనుటకు గాని చాలదు.

పైగా ఇతర బాక్టీరియాల వలన పొరలు వాచినపుడును, లింఫోమా అను కాన్సరులోను ఈ విలువ పెరుగవచ్చును.

ఇంతమాత్రమున పరీక్ష నిరుపయోగమని కాదు. ఇది ఒక సాక్షి, న్యాయమూర్తి కాదు. రోగ లక్షణములు, ద్రవములోని కణములు, గ్లూకోజు, ప్రోటీను, క్రిమి జన్యు పరీక్ష - వీటి సాక్ష్యమును కూడ వినవలెను. తక్కువ అంకె వచ్చినదని మందు మానినచో, ఆ పొరపాటునకు మూల్యము చెల్లించువాడు రోగియే.