మంద్రస్థాయికి వారసులు

పాశ్చాత్య సింఫనీ ఆర్కెస్ట్రాలో వయొలిన్లు ముప్పై దాకా ఉంటాయి, మంద్రస్థాయి ఇత్తడి వాద్యమైన ట్యూబా మాత్రం సాధారణంగా ఒక్కటే. ఆ ఒక్క కుర్చీ ఖాళీ అయ్యేదీ అరుదే. షికాగో సింఫనీలో ఆర్నాల్డ్ జేకబ్స్ 1944లో ఆ స్థానంలో చేరి 1988 దాకా కొనసాగారు. కుర్చీ దొరికినా చేతినిండా పని ఉంటుందన్న హామీ లేదు. ద్వోర్జాక్ ‘న్యూ వరల్డ్’ సింఫనీలో ట్యూబా పలికేది రెండో భాగంలోనే, అదీ కొద్ది స్వరాలే. ఇలాంటి వాద్యంతో బతుకుతెరువు ఎంతమందికి దొరుకుతుంది? ట్యూబా పట్టినవాళ్లలో అత్యధికులు పగలు వేరే ఉద్యోగం చేసుకుని సాయంత్రం రిహార్సల్‌కు వెళ్లేవాళ్లే. వృత్తిలోకి వెళ్లలేక మిగిలిపోయినవాళ్లుగా వాళ్లను చూడటం లోకం తీరు. నేను అలా చూడలేను. ఈ వాద్యానికి అసలు వారసులు జీవితకాలం ఔత్సాహికంగా వాయించేవాళ్లేనని నా వాదన.

ట్యూబా పుట్టిందే ఆర్కెస్ట్రా బయట. 1835లో దానికి ప్రష్యాలో పేటెంటు తీసుకున్న ఇద్దరిలో విల్‌హెల్మ్ వీప్రెష్ట్ సైనిక బ్యాండ్లు నడిపినవాడు, మోరిట్జ్ వాద్యాల తయారీదారు. ఆ తర్వాత దానికి నిలకడైన ఇల్లు దొరికింది ఇంగ్లండులోని మిల్లు ఊళ్ల, గని ఊళ్ల బ్రాస్ బ్యాండ్లలో. యార్క్‌షైర్‌లోని క్వీన్స్‌బరీలో ఒక ఉన్ని మిల్లు అండతో బ్లాక్ డైక్ బ్యాండు ఆ పేరు పెట్టుకున్నది 1855లో. ఇలాంటి బ్యాండులో నాలుగు ట్యూబాలుంటాయి. రెండు ఈ-ఫ్లాట్, రెండు బి-ఫ్లాట్. చాలామటుకు వాయించేవాళ్లకు జీతం ఉండదు, వాద్యం బ్యాండుదే కాబట్టి కొనే భారమూ ఉండదు. నాకు అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు ఇంకొకటి. బాస్ ట్రాంబోన్ తప్ప తక్కిన ఇత్తడి వాద్యాలన్నిటికీ సంగీతాన్ని ఒకే ట్రెబుల్ క్లెఫ్‌లో రాస్తారు. అందుకే పదేళ్లప్పుడు కార్నెట్ నేర్చిన పిల్ల నలభై ఏళ్లప్పుడు ట్యూబాకు మారినా రాత మారదు, వేళ్ల పని మారదు. ఊపిరీ పెదవులూ మాత్రం కొత్త వాద్యానికి అలవాటు పడాలి. ఒక మనిషి ఆయుష్షంతా ఇమిడేలా కట్టుకున్న వ్యవస్థ అది.

ఆ మంద్రపు ‘బొం బొం’లో జీవితాంతం నేర్చుకోవడానికి ఏముందని అడిగేవాళ్లుంటారు. వాన్ విలియమ్స్ 1954లో రాసిన ట్యూబా కాన్సర్టోను చూపించి వాళ్ల నోరు మూయించవచ్చు. కానీ ఆ జవాబు నాకు చాలదు, ఎందుకంటే అది ట్యూబా సోలో వాయిస్తేనే గౌరవమని ఒప్పుకున్నట్టు అవుతుంది. మన కచేరీలో తంబురా ఒకే శ్రుతి పట్టి ఉంచుతుంది. ట్యూబా స్వరం అలా నిలిచి ఉండదు, పాటతోపాటు కదులుతుంది. పైన కార్నెట్ ఒకే స్వరం పట్టుకుని ఉన్నా, కింద ట్యూబా మారితే ఆ పైస్వరం అర్థమే మారిపోతుంది. పైగా రెండు మూడు వాల్వులు కలిపి నొక్కితే శ్రుతి పైకి జారుతుంది. డేవిడ్ బ్లేక్లీ 1874లో కనిపెట్టిన పద్ధతి అదనపు గొట్టాల గుండా గాలిని మళ్లించి ఆ తేడాను చాలావరకు సరిచేసింది. మిగిలింది చెవీ పెదవులూ దిద్దుకోవాలి. అది పుస్తకంలో దొరికేది కాదు, ఏళ్ల తరబడి పక్కవాళ్లను వింటే వచ్చేది.

వయసు మీద పడితే ఊపిరి తగ్గదా? తగ్గుతుంది. బి-ఫ్లాట్ ట్యూబా గొట్టం పొడవు సుమారు 18 అడుగులు. అయితే ట్యూబాకు కావలసింది ఒత్తిడి కన్నా ధారాళమైన గాలి. దీన్నే బోధించిన జేకబ్స్‌కు స్వయంగా ఊపిరితిత్తుల సామర్థ్యం తక్కువ. ఆర్కెస్ట్రాలో ఒంటరిగా కూర్చున్న ట్యూబాకు దొరకని ఆసరా బ్యాండులో ఉంది. ఒకే భాగాన్ని ఇద్దరు వాయిస్తారు, కాబట్టి ఒకరు ఊపిరి తీసుకునేటప్పుడు రెండోవారు స్వరాన్ని మోస్తారు.

జీతం లేనిచోట ప్రమాణం పడిపోతుందన్న మాటను మాత్రం పూర్తిగా కాదనలేను. తడబడే బ్యాండ్లు చాలానే ఉన్నాయి. కానీ క్రిస్టల్ ప్యాలెస్‌లో జరిగిన బ్రాస్ బ్యాండ్ల జాతీయ పోటీలకు 1928లో హోల్‌స్ట్, 1930లో ఎల్గార్ వంటి పేరున్న స్వరకర్తలు కొత్త కృతులు రాసిచ్చారు. వాటిని వాయించింది ఎక్కువగా మిల్లుల్లో, గనుల్లో పనిచేసేవాళ్లే. వాళ్లకు కూలి డబ్బులిచ్చింది మిల్లూ గనీ, సంగీతం కాదు. అందుకే ఆ కూలి ఆగిపోయిన చోట కూడా సంగీతం ఆగలేదు. గ్రైమ్‌థోర్ప్ బొగ్గుగని 1993లో మూతపడింది. 1917లో మొదలైన గ్రైమ్‌థోర్ప్ కాలియరీ బ్యాండు ఈనాటికీ వాయిస్తూనే ఉంది.