పన్నెండు మంది పెద్దమనుషుల పాపం

పాపం చేసినవాడు పశ్చాత్తాపపడితే కథ కంచికి వెళ్లిపోయినట్లేనని మన నవలల్లో ఒక నమ్మకం. ఆఖరి ప్రకరణంలో నాయకుడు రెండు కన్నీటిబొట్లు రాలుస్తాడు. నాయిక కొంగుతో వాటిని తుడుస్తుంది. మనమూ మన కళ్లు తుడుచుకుని వంటింట్లోకి వెళ్తాం. టాల్‌స్టాయ్ నవల 'రిసరక్షన్' 1899లో వచ్చింది. అందులో అలా జరగదు. కన్నీళ్లతో వచ్చినవాడికి ఆ అమ్మాయి మొహం వాచేలా చీవాట్లు పెడుతుంది. క్రైస్తవులు ఎంతో పవిత్రంగా పలికే పాపపరిహారం అన్న మాటను ఇంత నిర్దయగా పరీక్షకు నిలబెట్టిన నవల నేను మరొకటి చదవలేదు.

కథ తెలియనివారి కోసం రెండు ముక్కలు. కత్యూషా ఇద్దరు భూస్వామినులైన అక్కచెల్లెళ్ల ఇంట్లో సగం పెంపుడుకూతురుగా, సగం పనిపిల్లగా పెరిగింది. వాళ్ల మేనల్లుడు నెహ్ల్యూదోవ్ సైన్యంలో చేరడానికి వెళ్తూ ఈస్టర్ పండక్కి ఆగాడు. ఆ పిల్లను లోబరుచుకున్నాడు. వెళ్లేటప్పుడు నూరు రూబుళ్ల నోటు చేతిలో కుక్కి, తన దారిన తాను పోయాడు. ఆమె గర్భవతి అయింది. నీడ పోయింది. పుట్టిన బిడ్డ పోయాడు. ఒక్కొక్క మెట్టే దిగి చివరికి వేశ్యాగృహం చేరింది. ఏళ్లు గడిచాక, ఒక వర్తకుడికి విషం పెట్టిందన్న నేరం మీద ఆమెను బోనులో నిలబెడితే, తీర్పు చెప్పడానికి కూర్చున్న పన్నెండు మంది జ్యూరీలో ఈ పెద్దమనిషీ ఒకడు!

కోనీ అనే న్యాయవేత్త 1887లో టాల్‌స్టాయ్‌కి చెప్పిన నిజం కథ ఇది. ఆ నిజం కథలోని అమ్మాయి పెళ్లికి ముందే జైల్లో టైఫస్ జ్వరంతో చచ్చిపోయింది. పాపం, తనను పాడుచేసినవాడి పశ్చాత్తాపాన్ని ఒప్పుకోవాలో వద్దో తేల్చుకునే వ్యవధి కూడా ఆమెకు దొరకలేదు. టాల్‌స్టాయ్ చేసిన గొప్ప పని, ఆమెను బతికించి, ఆమె చేత మాట్లాడించడం.

నెహ్ల్యూదోవ్ జైలుకు వెళ్లి, నిన్ను పెళ్లాడి నా పాపం కడుక్కుంటానంటాడు. ఆమె మండిపడుతుంది. ఈ లోకంలో నీ సుఖానికి నన్ను వాడుకున్నది చాలక, పరలోకంలో నీ మోక్షానికీ నేనే కావలసివచ్చానా అన్నది ఆమె ప్రశ్న సారాంశం. చూశారా! పశ్చాత్తాపం కూడా స్వార్థమేనన్నమాట. లూకా సువార్తలో జక్కయ్య అనే సుంకరి, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇచ్చేస్తానంటాడు. డబ్బయితే లెక్కపెట్టి ఇవ్వొచ్చు. ఒక ఆడపిల్ల పదిమందిలో తలెత్తుకు తిరిగే రోజుల్ని ఎన్నంతలు చేసి తిరిగిస్తావయ్యా? చివరికి నెహ్ల్యూదోవ్‌ను ప్రేమిస్తూ కూడా ఆమె సైమన్‌సన్ అనే రాజకీయ ఖైదీతో జీవితం పంచుకోవడానికి నిశ్చయించుకుంటుంది. క్షమించడం వేరు, పెళ్లాడటం వేరు అని ఆమెకు తెలుసు. మన రచయిత్రులం చాలామందిమి ఈ తేడా నేర్చుకోవాలి.

ఇంతవరకు అందరూ చెప్పేదే. నన్ను ఎక్కువ భయపెట్టింది మాత్రం జ్యూరీ గది. కత్యూషా ఆ వర్తకుడికి ఇచ్చింది నిద్రమందు అనుకునే ఇచ్చింది. జ్యూరీవాళ్లూ అది నమ్మారు. కానీ జవాబు రాసేటప్పుడు 'దొంగతనం ఉద్దేశం లేదు' అని రాసి, 'చంపే ఉద్దేశం లేదు' అని చేర్చడం మరిచారు. ఎందుకు? అలసిపోయారు. ఒక కల్నల్‌గారు ఏదో సుదీర్ఘమైన కథ చెబుతున్నారు. న్యాయాధిపతికి సాయంత్రం ఒకావిడను కలుసుకోవాలన్న తొందర. ఒక జడ్జికి కడుపులో బాధ, ఇంకొకరికి పొద్దున భార్యతో తగువు. నెహ్ల్యూదోవ్ తన రహస్యం బయటపడుతుందేమోనన్న బెంగలో ఉన్నాడు. ఒక్క మాట తప్పిపోయింది. నాలుగేళ్ల కఠిన శిక్ష, సైబీరియా!

వీళ్లలో దుర్మార్గుడు ఎవరండీ? ఒక్కరూ లేరు. నెహ్ల్యూదోవ్ తన యౌవనంలో చేసిన పాపం మోసుకుంటూ సైబీరియా దాకా నడిచాడు. మిగతా పదకొండు మందీ హాయిగా ఇంటికెళ్లి భోంచేశారు. ఆ పాపానికి పేరు లేదు, దానికి పరిహారం చేసుకోవాలని ఎవరికీ తోచదు. పౌరధర్మంలో ఏమరుపాటు కూడా పాపమేనని టాల్‌స్టాయ్ కళ్లకు కట్టాడు.

అయితే నవల ముగింపుతోనే నాకు పేచీ. నెహ్ల్యూదోవ్ మత్తయి సువార్త తెరిచి, మనుషులకు సాటి మనుషుల్ని శిక్షించే హక్కే లేదన్న నిర్ణయానికి వస్తాడు. ఇలా సువార్త వాక్యాలతో కథకు ముడివేయడం చెహోవ్‌కూ నచ్చలేదు. నా అభ్యంతరం కళ గురించి కాదు. మంచివాళ్లంతా తీర్పు చెప్పడం పాపమని లేచిపోతే ఆ కుర్చీల్లో ఎవరు కూర్చుంటారు? కత్యూషాకు ఆ రోజు కావలసింది సువార్త చదివే సాధువు కాదు. కాగితం మరోసారి చదివే మనిషి ఒక్కడు చాలు.

టాల్‌స్టాయ్‌కి ఇది తెలియదనలేం. ఆయుధం పట్టడం క్రీస్తు మాటకు విరుద్ధమని సైన్యంలో చేరమన్న దూఖోబార్లను ప్రభుత్వం వేధిస్తే, వాళ్లు కెనడా వెళ్లడానికి ఈ నవల మీద వచ్చిన డబ్బు ఇచ్చాడు. రాజ్యం చెప్పిందల్లా చెయ్యడమే పౌరధర్మం కాదని ఆయన చేసి చూపించాడు. 1901లో చర్చి ఆయన్ని తమవాడు కాదని ప్రకటించింది. క్రీస్తు రక్తం పాపాల్ని కడుగుతుందన్న సిద్ధాంతాన్ని ఆయన ఒప్పుకోలేదు మరి. ఎవరి బాకీ వాళ్లే తీర్చుకోవాలన్నాడు.

మనకిప్పుడు నేరాల విచారణలో జ్యూరీలు లేవు. 1973 నాటి శిక్షాస్మృతి విధానంలో వాటికి చోటివ్వలేదు. కానీ పక్కింటి కోడలి అరుపులు విని కిటికీ మూసుకున్నప్పుడు, సాక్ష్యం చెప్పమంటే మనకెందుకొచ్చిన గొడవ అన్నప్పుడు మనమూ ఆ గదిలో కూర్చున్నట్లే. కత్యూషా కోసం కన్నీరు కార్చిన పాఠకురాలు, ఆ పన్నెండు కుర్చీల్లో తనదేదో కూడా ఒకసారి వెతుక్కోవాలి. అందుకే ఈ నవల చదవమంటాను.