చెంపదెబ్బకు చప్పట్లు

నవ్వు దానంతటది అభ్యుదయమూ కాదు, అభివృద్ధి నిరోధకమూ కాదు. ఎవరిని చూసి నవ్వుతున్నాము, ఆ నవ్వు ఎవరి లాభానికి పనికివస్తున్నది అన్నదే విమర్శకుడు వేయవలసిన ప్రశ్న. స్పెయిన్ దర్శకుడు ఆలెక్స్ దె లా ఇగ్లేసియా 1999లో తీసిన ‘ముయెర్తోస్ దె రీసా’ (నవ్వి నవ్వి చచ్చినవాళ్లు) యీ ప్రశ్నను మనముందు పెడుతున్నది.

ఫ్రాంకో నియంతృత్వం చివరి యేళ్లలో నీనో, బ్రూనో జతకడతారు. సాంతియాగో సెగూరా, ఎల్ గ్రాన్ వయోమింగ్ ఆ పాత్రధారులు. వేదికమీద నీనో నోట మాటరాక కొయ్యబారితే, బ్రూనో అతని చెంప ఛెళ్లుమనిపిస్తాడు. జనం విరగబడి నవ్వుతారు. ఆనాటినుంచి ఆ దెబ్బే వాళ్ల కళ, అదే వాళ్ల కూడు. పేరు పెరిగినకొద్దీ పరస్పర ద్వేషమూ పెరిగి తుపాకులదాకా పోతుంది.

ఇక్కడ చెంపదెబ్బ ఒక సరుకు. కొనేవాడున్నంతకాలం అదే సరుకును మళ్లీ మళ్లీ తయారుచేయవలసిందే. కొట్టేవాడూ, తినేవాడూ యిద్దరూ అమ్ముడుపోయినవాళ్లే. కాని ఒకడికి రెండవవాడే శత్రువుగా కనబడతాడు. జతను అమ్ముకునే ఏజెంటు హూలియాన్ మాత్రం యిద్దరికీ ఆప్తుడే!

ఫ్రాంకో 1975లో చచ్చాడు. 1978లో కొత్త రాజ్యాంగం వచ్చింది. 1981 ఫిబ్రవరి 23న పార్లమెంటులో చొరబడిన సాయుధుల కుట్ర విఫలమైంది. 1956లో మొదలైన ప్రభుత్వ టెలివిజనుకు 1990లో ప్రైవేటు కంపెనీలు పోటీకి వచ్చాయి. ఏలుబడి మారింది, చెంపదెబ్బ మారలేదు. యీ చిత్రంలో నాకు కనిపించిన గొప్ప సత్యం యిదే.

అయితే దర్శకుడు యీ సత్యాన్ని చివరంటా పట్టుకోలేదు. బెర్లాంగా 1963లో తీసిన ‘ఎల్ వెర్దూగో’ చూడండి. ప్రభుత్వమిచ్చే యింటికోసం ఒక మామూలు యువకుడు తలారి ఉద్యోగానికి ఒప్పుకుంటాడు. అతని ప్రతి అడుగునూ జీతమూ, యిల్లూ నెడుతుంటాయి. సెన్సారు కత్తి కిందనే బెర్లాంగా అంత మాట చెప్పగలిగాడు. ఏ కత్తీ లేని దె లా ఇగ్లేసియా ద్వేషానికి మూలాన్ని యిద్దరి స్వభావాలలో వెతికాడు. వ్యాపారం వెనక్కి జరిగింది, ఉన్మాదం ముందుకొచ్చింది.

అయినా యీ చిత్రాన్ని వట్టి హింసావినోదమని తోసిపారేయలేను. మొదటి దెబ్బకు మనమూ నవ్వుతాము. పదిసార్లు పడ్డాక ఆ నవ్వు గొంతులో అడ్డంపడుతుంది. టిక్కెట్టు కొన్నవాడికి కూడా ఆ దెబ్బలో వాటా వున్నదని గుర్తుచేయడం తక్కువ పని కాదు.