నహపాణుడి ముఖంపై శాతకర్ణి ముద్ర

ఉమ్ అల్ క్వైన్ తీరంలో ఇసుక దిబ్బల నడుమ ఎద్-దుర్ అనే ప్రాచీన పట్టణపు శిథిలాలున్నాయి. 1973లో ఒక ఇరాకీ బృందం, 1987 నుంచి ఐరోపా దేశాల బృందాలు అక్కడ తవ్వకాలు జరిపాయి. అరమాయిక్ శాసనంలో షమష్ అనే సూర్యదేవుడి పేరున్న చిన్న ఆలయం, రోమన్ గాజుపాత్రలు, నాణేలు బయటపడ్డాయి. ఆ నాణేలపై ఒకవైపు హెరాక్లిస్ తల, మరోవైపు ఆసీనుడైన దేవుడు: ఇది అలెగ్జాండర్ నాణేల నమూనా. అరేబియా దండయాత్రకు సన్నాహాలు సాగుతుండగానే అతడు క్రీ.పూ. 323లో బాబిలోన్‌లో మరణించాడు. ఈ గడ్డపై కాలు మోపనే లేదు. అయినా శతాబ్దాల తర్వాత కూడా ఇక్కడివారు అతడి అచ్చునే వాడుకున్నారు, అబియేల్ అనే స్థానిక నామంతో. వర్తకులకు అలవాటైన ముద్ర చెల్లుతుంది; అందులోని మనిషి ఎవరన్నది వారికి అనవసరం.

ఈ రేవుకు మన శాతవాహన చరిత్రతో సంబంధముంది. క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు నావికగ్రంథం పెరిప్లస్ ‘ఒమన’ అనే రేవును పేర్కొంటుంది. అది ఎద్-దుర్ కావచ్చునని కొందరు పండితుల అభిప్రాయం. భరుకచ్ఛం నుంచి అక్కడికి రాగి, కలప వెళ్ళేవి. అక్కడినుంచి ముత్యాలు, ఖర్జూరాలు, బంగారం, బానిసలు వచ్చేవారు. భరుకచ్ఛపు ఏలికగా అదే గ్రంథం చెప్పే రాజును చరిత్రకారులు నహపాణుడిగా గుర్తించారు. ఒకప్పుడు సక్రమంగా సాగిన కల్యాణ్ రేవుకు ఆటంకాలు కలిగాయనీ, పొరపాటున అక్కడ ఆగిన గ్రీకు ఓడలను కాపలాతో భరుకచ్ఛానికి తరలించేవారనీ కూడా అందులో ఉంది. శాతవాహనులకూ క్షహరాతులకూ నడుమ ఉన్నది సుంకాల తగాదా, రేవుల తగాదా.

2017 సంక్రాంతికి వచ్చిన ‘గౌతమీపుత్ర శాతకర్ణి’లో ఈ తగాదా జాడ కనిపించదు. క్రిష్ దర్శకత్వంలో, బాలకృష్ణ నూరవ చిత్రంగా వచ్చిన ఆ సినిమాలో శాతకర్ణి యుద్ధాలు చేసేది ముక్కలైన దేశాన్ని ఏకం చేయడానికి. నహపాణుడి తర్వాత డెమెట్రియస్ అనే గ్రీకు శత్రువు కూడా వస్తాడు. చరిత్రలోని డెమెట్రియస్ క్రీ.పూ. 2వ శతాబ్దం తొలినాళ్ళవాడు. ఇద్దరికీ నడుమ రెండు శతాబ్దాలకు మించిన ఎడముంది. అయితే కాలదోషాలు ఏరడంతో విమర్శ తీరిపోదు. ఐతిహాసిక చిత్రానికి ఆ మాత్రం స్వేచ్ఛ ఇవ్వవచ్చు. శత్రువు ఎప్పుడూ బయటివాడే కావాలన్న పట్టుదలే అసలు చిక్కు.

నిజానికి ఈ చిత్రం ఒక ఆధారానికి ఎంతో విధేయంగా ఉంది: నాసిక్ శాసనానికి. కొడుకు గతించాక, మనుమడు పులుమావి 19వ పాలనా సంవత్సరంలో గౌతమీ బాలశ్రీ వేయించిన ప్రశస్తి అది. తల్లి పొగడ్తలో కొడుకు గుర్రాలు మూడు సముద్రాల నీళ్ళు తాగాయి. తల్లి గౌరవాన్ని కథకు వెన్నెముకగా చేసి, హేమమాలినికి ఆ పాత్రనిచ్చి, చిత్రం ఆ స్వరాన్ని చక్కగా పట్టుకుంది. అదే శాసనం అతడు వర్ణసంకరాన్ని నిలిపాడనీ, క్షత్రియుల దర్పాన్ని అణచాడనీ కూడా మెచ్చుకుంటుంది. ఆ పంక్తుల జోలికి పోతే ఏకతా నాయకుడి బొమ్మ చెదురుతుంది. తెర ఏ పొగడ్తను ఉంచుకుని దేన్ని విడిచిందో చూస్తే, అది ఏ కాలపు ప్రశస్తో తెలిసిపోతుంది.

నాణేల సాక్ష్యం వేరు. 1906లో నాసిక్ జిల్లా జోగళ్‌టెంభీలో 13,000కు పైగా నహపాణుడి వెండి నాణేలు దొరికాయి. వాటిలో మూడింట రెండువంతులపై శాతకర్ణి తన ముద్ర కొట్టించాడు. విజేత తన ముఖాన్ని వేయించుకోలేదు. వేయించినవి చైత్యం, ఉజ్జయినీ చిహ్నం, తన పేరు. వెండిని కరిగించలేదు కూడా. సంతలో చెలామణీ ఆగకూడదు గదా! అందుకే కొన్ని నాణేలపై చైత్యపు గీతల కింద నహపాణుడి ముక్కు, అతడి పేరును తెలిపే గ్రీకు అక్షరాలు ఇప్పటికీ కనిపిస్తాయి.