కన్యాశుల్కమున తిట్టుపదము

తిట్టు శాస్త్రచర్చకు తగినది కాదను భావము పండితులలో చిరకాలముగా నున్నది. తిట్టుకవిత్వమునకు మాత్రము సాహిత్యచరిత్రలో కొంత చోటు దొరకినది. వేములవాడ భీమకవిని గూర్చిన ఐతిహ్యములును, కూచిమంచి జగ్గకవి చంద్రరేఖావిలాపమును అందఱెఱిగినవే. కాని కవితిట్టు వేఱు, ఇంటితిట్టు వేఱు. కవి యొకనిని గుఱిపెట్టి, మాట లేర్చి, పద్యము కట్టి తిట్టును. ఇంటిలోని తిట్టు ఆలోచన లేకయే నోటికి వచ్చును. అన్నవానికే అది జ్ఞాపకముండదు. ఆలోచన లేక వచ్చు మాటలోనే సంఘము తలంపు దాగియుండును గనుక పరిశోధకునకు రెండవదియే యెక్కువ విలువ గలది. ఇట్టి తిట్టును గురజాడ అప్పారావుగారు కన్యాశుల్కమున వాడినంత సార్థకముగా వాడినవారు అరుదు. ఆ వాడుకను హాస్యమునకో, వాస్తవికతకో సాధనముగా మాత్రమే చూచుట చాలదని చూపుట యీ వ్యాసోద్దేశము.

ఆలంకారికులు అశ్లీలదోషమును వ్రీడ, జుగుప్స, అమంగళము అని మూడు విధములుగా విభజించిరి. కావ్యదోషమునకై చేసిన యీ విభాగము మన వాడుక తిట్లకును చక్కగా సరిపడును. శీలమును, పుట్టుకను శంకించు మాటలు వ్రీడకు సంబంధించినవి. కుక్క, పంది మొదలగునవి జుగుప్సకు సంబంధించినవి. చావును, నాశమును, వైధవ్యమును కోరునవి అమంగళమునకు చేరును. వక్త, ప్రకరణము మొదలగువాని యౌచిత్యమునుబట్టి యొకచో దోషమే గుణమగునని కూడ వారే యొప్పుకొనిరి. నాటకకర్తకు ఆ యొప్పుదల చాలును.

ఈ మూటిలో తెలుగువారి యింటితిట్టునకు అమంగళమే ప్రధానమని తోచును. మన దీవెనలును శాపనార్థములును ఒకే వ్యాకరణరూపమున నుండుట గమనింపదగినది. ‘నీ కడుపు చల్లగుండ’ అనునది దీవెన. ‘నీ కడుపు మండ’ అనునది శాపము. ‘నీ నోట చక్కెర పొయ్య’ అని మెచ్చుకొందుము. ‘నీ నోట మన్ను పొయ్య’ అని తిట్టుదుము. క్రియారూపము మాఱలేదు, కోరిక మాఱినది. కోపమును పట్టలేకయు, శాపము తగులునను భయమును విడువలేకయు నున్న యిల్లాలు ‘నీ యిల్లు బంగారము గాను’ అనును. గొంతు తిట్టినది, మాట దీవించినది. తిట్టు ఫలించునను నమ్మిక యెంత బలమైనదో యీ వాక్యమే చెప్పుచున్నది. స్త్రీ విషయమున ఈ ద్వంద్వము మఱింత స్పష్టము. పెద్దలు ఆమెను దీర్ఘసుమంగళివి కమ్మని దీవింతురు. పగవారు ‘నీ తాడు తెగ’ అని శపింతురు. దీవెనకును తిట్టునకును నడుమ నున్నది ఒక్క మంగళసూత్రమే.

ఇక వ్యవహారమున మిక్కిలి వినవచ్చు తిట్టుపదములు రెండు: వెధవ, ముండ. సంస్కృత ‘విధవా’ శబ్దమే తెలుగు నోట ఇకారము ఎకారమై ‘వెధవ’ యైనది. మూలమున భర్తను కోల్పోయిన స్త్రీ యని యర్థము. తెలుగున తిట్టుగా పురుషునకు చెల్లును. అంతటితో నిలువక విశేషణమై వెధవపని, వెధవచదువు, వెధవబ్రతుకు అని వస్తువులకును భావములకును అంటుకొన్నది. ‘ముండ’ శబ్దమునకు మూలార్థము గొఱిగిన తల. భర్త చనిపోయిన స్త్రీకి శిరోముండనము చేయించు ఆచారమువలన అది విధవకు పేరై, పిదప ఏ స్త్రీనైనను తిట్టు మాటయైనది. ‘ముండాకొడుకు’ అన్నపుడు పురుషునిని గూడ చేరినది. ఆచారము చేసిన గాయము ఆచారము తొలగిన చోటను మాటలో నిలిచియుండుట కిది నిదర్శనము.

కన్యాశుల్కము 1892లో ప్రదర్శితమై, 1897లో ముద్రితమై, 1909లో పెక్కు మార్పులతో రెండవ కూర్పుగా వెలువడినది. విశాఖపట్టణము జిల్లాలోని సామాన్య బ్రాహ్మణకుటుంబములలో మూడేండ్లలో జరిగిన శుల్కవివాహములను లెక్కింపగా 1,034 తేలెనని తొలికూర్పు పీఠికలో కర్త తెలిపెను. ఇతివృత్తము విధవల చుట్టును తిరుగును. బుచ్చమ్మ, మీనాక్షి, పూటకూళ్ళమ్మ ముగ్గురును విధవలు. వృద్ధుడగు లుబ్ధావధానులకు సుబ్బి నమ్మబూనుట మఱియొక విధవను సిద్ధము చేయుటయే. ఇట్టి నాటకమున పాత్రలు కోపమునను వేళాకోళమునను పలుమాఱు ఎత్తుకొను తిట్లు ఈ రెండు శబ్దములే. అగ్నిహోత్రావధానులు పేరునకు తగిన ముక్కోపి. ధనమునకై కూతును ముసలివాని కిచ్చి విధవను చేసినవాడు ఆయనయే. ఆ కూతురు మసలు నింటిలో ఆయన నోట ఆ తిట్టు వెలువడినపుడు, అది యెవరిమీద పడినను, ఆ మాట పేరుగా గలది బుచ్చమ్మయే. ఆయన దీని నెఱుగడు. నవ్వుచున్న ప్రేక్షకుడును ఎఱుగడు. ఎఱిగినది కర్త యొక్కడే. ఎఱిగియు ఏ పాత్రచేతను దానిని ఎత్తి చూపింపక విడిచినాడు. ఇదియే ఆ రచనలోని గాంభీర్యము.

దీనికొక యాక్షేపము రావచ్చును. ‘కుశల’ శబ్దమున దర్భలు కోయువాడను అర్థము పోయి నేర్పరియను అర్థము నిలిచినట్లు, ‘వెధవ’ యందును మూలార్థము నశించినది గదా, నిరూఢలక్షణయందు వ్యుత్పత్తిని వెదకుట వృథా గదా యని. తల్లి బిడ్డను ముద్దుగా ‘భడవా’ అనును. హిందీలో ఆ మాటకు తార్పుడుకాడని యర్థము. ఆమె యెఱుగదు, ఎఱుగకపోవుటవలన హానియు లేదు. నిజమే. కాని ఆ హాని లేకపోవుటకు కారణము, ఆ మాట పేరుగా గలవాడు ఆ యింట లేకపోవుటయే. ‘కుశల’ శబ్దమును వినుచు నొచ్చుకొను దర్భలు కోయువాడును లేడు. విధవ యన్ననో వంటయింటిలో నున్నది. మూలార్థము వక్త మనస్సున నశించినను శ్రోత బ్రతుకున జీవించియుండగా, ఆ లక్షణ నిరూఢమైనదని చెప్పుట కధికారము వక్తకు లేదు. తిట్టునకు అర్థము తిట్టినవాని యుద్దేశము మాత్రమే కాదు. ఆ మాట యెవరి స్థితిని కొలబద్దగా గైకొన్నదో దానిని గూడ లెక్కింపవలెను.

‘సాని’ శబ్దము మఱియొక సాక్ష్యము. ఇది ‘స్వామిని’ నుండి వచ్చిన గౌరవవాచకము. ‘దొరసాని’ యందు ఆ గౌరవ మింకను కలదు. విడిగా నన్నపుడు వేశ్యకు పేరై నీచార్థమును పొందినది. నాటకమున చిక్కు విప్పినది మధురవాణి. సజ్జనుడైన సౌజన్యారావు పంతులు సయితము, పురుషవేషమున నెదుట నున్నది వేశ్య యని తెలిసినంతనే కలత పడును. ఆమె చేసిన మేలుకంటె ఆమె పేరు ముందుగా నిలుచును. మనిషిని చూడనీయక మాట యడ్డుపడుటయే తిట్టు చేయు పని. దానికి కోపము కూడ అక్కఱలేదు.

వితంతువుల పునర్వివాహమును చట్టము 1856లో అంగీకరించెను. కందుకూరి వీరేశలింగముగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహమును జరిపించిరి. చట్టము వచ్చినది, పెండ్లి జరిగినది. మాట మాత్రము తన చోటు విడువలేదు. కావున తరగతిలో ఈ నాటకమును బోధించునపుడు తిట్టుపదములను దాటవేయుటయు, నవ్వించి విడుచుటయు సమానదోషములే. దాటవేసినచో విద్యార్థికి గురజాడ సంభాషణలోని సగము అర్థము తెలియదు. నవ్వించి విడిచినచో అగ్నిహోత్రావధానులు చేసిన పనియే మనమును చేసినవారమగుదుము. ప్రతి తిట్టునకును వ్యుత్పత్తిని, వ్యవహారమును, అది యెవరి పేరును మోయుచున్నదో దానిని వివరించి చెప్పవలెను. అట్లు చెప్పిన నాడు నాటకమునందలి నవ్వు తగ్గదు. ఆ నవ్వు వెనుక నున్న బుచ్చమ్మ కనబడును.